పళ్లెం పెట్టె, బిళ్ళ పెట్టె

మూడో కట్ట, పాటల పెట్టెల గది
సీజను 1వ రోజు

పని చేస్తున్నవి: 31. మాట పోయినవి: 3.

వానలు వెళ్ళిపోయాయి. ఉప్పు మడుల్లోకి సముద్రపు నీళ్ళు వదిలారు. నాలుగు నెలల తర్వాత రేకుల గది తాళం తీస్తే లోపలి వేడి మొహానికి కొట్టింది. పెట్టెలన్నీ నేను సర్దిన చోటే, సర్దిన వరుసలోనే ఉన్నాయి. వాటిని సోలార్ ప్యానెళ్ళకు తగిలించి, ఒక్కొక్కటీ పాడించి చూడడం ఈ రోజు పని.

మూడు పాడలేదు. ఒకటి పల్లవి దాకా వచ్చి, చరణం దగ్గర బుర్రుమని ఊరుకుంది. మిగతా రెండింటి తెర మీద పాటల పేర్లున్నాయి, పాటలు లేవు. అవి కింద పడలేదు, తడవలేదు, ఎవరూ ముట్టుకోలేదు. గూట్లో కూర్చుని మరిచిపోయాయి, అంతే.

మడుల మీదికి బిళ్ళ పెట్టెలే తెప్పించాలని నాలుగేళ్ళ కిందట కమిటీకి రాసిచ్చింది నేనే. పళ్లెం పెట్టెలో అద్దం లాంటి చిన్న పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దాని మీద సూది లాంటిది వెంట్రుకవాసి ఎత్తులో కదులుతుంది. రెండు వేల పాటలు పడతాయి. కానీ మోకాలి ఎత్తు నుంచి జారిపడితే చాలు, దాని పని అయిపోతుంది. బిళ్ళ పెట్టెలో కదిలేదేదీ లేదు. గోరంత బిళ్ళ. నూట ఎనభై పాటలకు మించి పట్టవు గాని, ఉప్పునీళ్ళలో పడ్డా తుడిచి మీట నొక్కితే పాడుతుంది. నా నివేదికలో ‘మన్నిక’ అనే మాట పదకొండు సార్లు వాడాను. ఈ మధ్యాహ్నం తీసి చూసుకున్నాను.

అందులో రాయనిది ఒకటుంది. పళ్లెం పోయేముందు టిక్కుటిక్కుమని చెప్పి పోతుంది. బిళ్ళ ఏమీ చెప్పదు. నెలల తరబడి కరెంటు లేకుండా వేడిలో పడి ఉంటే లోపలున్నది కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. అప్పట్లో ఇది నాకు తెలియదా, తెలిసీ పెద్ద విషయం కాదనుకున్నానా అన్నది ఇప్పుడు ఖాయంగా చెప్పలేను.

యూనివర్సిటీలో నేను గ్రంథాలయ శాస్త్రం చదివే రోజుల్లో పాటలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. గాలిలోంచి దిగేవి, విన్నాక మళ్ళీ గాలిలోకే పోయేవి. ఫోన్ల నెట్‌వర్కులు పోయి ఆ గాలి ఆగిపోయాక, బీరువా అడుగున పాత పెట్టె ఒకటి పడేసి మరిచిపోయినవాళ్ళే పాటలున్నవాళ్ళయ్యారు.

సీజను 6వ రోజు

పని చేస్తున్నవి: 30. మాట పోయినవి: 4.

పొద్దున్నే రెండో జట్టు మేస్త్రి నూకరత్నం వచ్చింది, వెంట ఆడపడుచు పాపాయమ్మ. రత్నం మాట్లాడదు. రెండేళ్ళ కిందట గొంతులో గడ్డ తీసినప్పుడు గొంతు కూడా పోయింది. మెడలో తాడుకు చిన్న పలక వేలాడుతుంటుంది. పలక పట్టని మాటలన్నీ పాపాయమ్మ చెబుతుంది. పట్టే మాటలు కూడా ఆవిడే చెబుతుంది.

“మా వదిన పెట్టికి ఎక్కిళ్ళొచ్చాయండి మేడమ్ గారూ.”

“ఎప్పట్నుంచి?”

“నిన్నట్నుంచండి. పాడతాది, ఆగి టిక్కు టిక్కు అంటాది, మళ్ళీ పాడతాది. నీళ్ళు తాగించమంటారా?”

రత్నం ఆమె భుజం మీద ఒకటి వేసి, పెట్టెను నా బల్ల మీద రెండు చేతులతో పెట్టింది. కట్ట మీద మిగిలిన చివరి పళ్లెం పెట్టె అది. మూల విరిగితే చేపల వల దారంతో కట్టుకున్నారు. పదకొండేళ్ళ నుంచి జట్టుతో మడికి వెళుతోంది. నా లెక్క ప్రకారం ఎప్పుడో పోవలసింది.

బయటివాళ్ళెవరైనా ఈ పుస్తకం చదివితే అర్థం కావాలి గనక రాస్తున్నాను. మడిలో ఉప్పు పొర కట్టాక ఎనిమిది మంది ఆడవాళ్ళు కర్రపారలతో ఒక్కసారిగా లాగాలి. ఒక్కరు ముందో వెనకో అయితే పొర విరిగి కింది బురద పైకి వస్తుంది, ఆ మడి ఉప్పు నల్లబడుతుంది. అందుకే ప్రతి జట్టుకూ ఒక పిలుపు కావాలి. రత్నం పిలుపు ఆమె పాటే. గొంతు పోయాక, అంతకుముందు మైకుతో పట్టించుకున్న పాటలు గట్టు మీద పెట్టి లాగుతున్నారు. పిలుపు లేని మేస్త్రి మేస్త్రి కాదు, జట్టును ఇంకొకరికి ఇచ్చేస్తారు.

రత్నం పలక మీద రాసింది: “బాగవుద్దా?”

“బాగవదు. ఆగిపోయేలోగా లోపలున్నవి బిళ్ళలోకి ఎక్కిస్తాను. అన్నీ పట్టవు.”

“నావి చాలు,” అని రాసింది.

సీజను 7వ రోజు

మిగిలి ఉన్న ఖాళీ బిళ్ళ పెట్టె ఒక్కటే. అందులోనూ బిళ్ళ దాదాపు అంతా చచ్చిపోయింది. నలభై అయిదు నిమిషాలకు మించి పట్టదు.

రత్నం పెట్టె తెర మీద ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. మన అక్షరాలు వేస్తే ఖాళీ డబ్బాలు చూపిస్తుంది. మీట నొక్కుతూ ఒక్కో అక్షరం ఏరుకోవాలి గనక పొల్లులూ ఒత్తులూ రాసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆమె పేరుతో రెండు ఫైళ్ళు కనిపించాయి. ఒకదానికి రత్నం తర్వాత పి, ఏ, టి, ఏ. రెండోదానికి రత్నం తర్వాత కె, ఓ, టి, ఏ.

రత్నం పాత. రత్నం కొత్త.

రెండూ పట్టవు గనక ఏది ఉంచాలా అని చాలాసేపు కూర్చున్నాను. గొంతు పోయే ముందు ఆఖరిసారి పట్టించుకున్నదే కొత్తది అయి ఉంటుంది, మనిషికి అదే విలువైనది, అనుకున్నాను. అలా ఆలోచించగలిగినందుకు నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. కట్ట మీద ఒక మైలు నడిచి రత్నాన్నే అడిగి రావచ్చు. ఎండగా ఉంది. పెట్టె టిక్కుమంటూనే ఉంది. వెళ్ళలేదు.

కొత్తది ఎక్కించాను. అరనిమిషం విన్నాను. గాలి హోరు, పారల చప్పుడు. పని దగ్గరే పట్టారు, కాసేపట్లో పాట అందుకుంటుంది అనుకుని, పళ్లేన్ని అలసట పెట్టకుండా ఆపేశాను.

పెట్టెను మరమ్మతు షెడ్డుకు పంపే కాగితం మీద సంతకం పెట్టాను. మోటారు నీళ్ళ పంపుకు పనికొస్తుందట.

సీజను 9వ రోజు

పని చేస్తున్నవి: 29. మాట పోయినవి: 5.

రత్నం పళ్లెం పెట్టెను పని చేస్తున్నవాటి లెక్కలోంచి తీసేసి మాట పోయినవాటిలో కలిపాను. షెడ్డువాళ్ళు విప్పిన పళ్లేలను ఎండు చేపల పందిరికి కడతారు. గాలికి తిరిగి తళుక్కుమంటుంటే కాకులు వాలవు. దారిలో చూశాను. పన్నెండు తిరుగుతున్నాయి, బాగున్నాయి కూడా.

సీజను 11వ రోజు

ఈ రోజు తొలికోత. మడిలో ఉప్పు లాగడాన్ని ఇక్కడ కోత అనే అంటారు. ఈ మాట నాకు పన్నెండేళ్ళుగా తెలుసు.

భోజనాల వేళకు పాపాయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. వెనకే రత్నం, మోకాళ్ళ దాకా నల్లటి బురద.

“ఏంటండీ మేడమ్ గారూ ఇది? మా వదిన పాడతాదని గట్టు మీద పెట్టుకుని నించున్నామండి. పారలు పాడతన్నాయి. మా పారలు మాకే వినిపించారు.”

“మొత్తం విన్నారా?”

“ఏం వింటామండి, పది నిమిషాలు చూసి ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగేశాం. మడి మడంతా నల్లగైపోయింది. కార్యదర్శి గారు గట్టు మీదే ఉన్నారు, కళ్ళారా చూశారు. ఇరవయ్యో రోజు దాకా చూసి మమ్మల్ని ఒకటో జట్టులో కలిపేస్తానన్నారు.”

“బిళ్ళ మరిచిపోయినట్టుంది,” అన్నాను. “ఈ ఏడాది చాలా పెట్టెలు అలాగే చేస్తున్నాయి.”

అన్నప్పుడు అది అబద్ధం కాదు. నిజంగానే అలా అనుకున్నాను. అప్పుడు రత్నం పలక తుడిచి, నా మొహం ముందు పట్టింది.

“నా పాట ఏది?”

ఆమె సుద్దముక్క నొక్కిపెట్టి రాస్తుంది. ‘ట’ పెద్దదిగా, గుండ్రంగా ఉంది. పి, ఏ, టి, ఏ. దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాను. మరి రెండోది? కె, ఓ, టి, ఏ. వాళ్ళ కాళ్ళకు కోత బురద ఇంకా ఆరలేదు.

అప్పుడైనా చెప్పొచ్చు. “చూస్తాను, బిళ్ళ ఇంకోసారి చూస్తాను,” అన్నాను. వాళ్ళు పెట్టెను నా దగ్గరే వదిలి వెళ్ళిపోయారు. ఆ రెండోసారి అన్నది అబద్ధం.

సీజను 12వ రోజు

మైలు దూరం నడిచాను.

రత్నం గుడిసె ముందు చేపలు తోముతోంది. నిలబడే చెప్పాను. పాటను పాత అని చదివాను, కోతను కొత్త అని చదివాను, పాతది వద్దనుకున్నాను. బిళ్ళ ఏమీ మరిచిపోలేదు. నిన్న మీకు అబద్ధం చెప్పాను.

రత్నం పలక తీసింది. తుడిచింది. మళ్ళీ చేపలు తోముతూ ఉంది.

పాపాయమ్మే మాట్లాడింది. ఈసారి వేళాకోళం లేదు. “మైకు పనిచేస్తాదో లేదో చూద్దామని తొలికోత నాడు ఊరికే పెట్టామండి అది. ఊరికే.” మళ్ళీ తనే, “కోట అని చదివినా బాగుండేదండి. మహారాణి గారి కోట కామోసనుకుని వచ్చి అడిగేవారు.”

“పళ్లెం ఇంకా ఉంది,” అన్నాను. అది చెప్పడం మంచిదో కాదో తెలియదు. కానీ చెప్పేశాను.

ముగ్గురం చేపల పందిరికి వెళ్ళాం. పన్నెండు పళ్లేలు దారాలకు తిరుగుతున్నాయి. ఏది ఎవరిదో పందిరి వాళ్ళకు తెలియదు, ఎవరూ గుర్తు పెట్టలేదు. రత్నం ఒక్కోదాన్నీ పట్టుకుని ఆపి చూసింది. అన్నింట్లోనూ ఆమె మొహమే కనిపించి ఉంటుంది. మీద ఉప్పు పొడి, చేప పొలుసులు, గాలికి ఒకదాన్నొకటి గీరుకున్న గీతలు. పాటలు అందులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. వాటిని చదివే సూది ఈ కట్ట మీద లేదు, ఒకవేళ ఉన్నా ఆ గీతల మీద నడవలేదు.

ఆ సంగతి రత్నానికి చెప్పాను. విని తల ఊపింది. ఒక పళ్లెం దారం తెంపుకుని కొంగులో వేసుకుంది. అది ఆమెదో కాదో ఎవరికీ తెలియదు.

“ఈవిడ చదువుకున్నావిడ,” అంది పాపాయమ్మ పందిరి వాళ్ళతో, నన్ను చూపిస్తూ. అంతే అంది.

సీజను 15వ రోజు

పని చేస్తున్నవి: 28. మాట పోయినవి: 6.

తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. మిగిలిన పెట్టెల్లో రత్నం పాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని మూడు రోజులు వెతికాను. ఎవరో ఒకరు పట్టుకుని ఉండకపోతారా అనుకున్నాను. రోజూ మడి మీద మోగుతున్నదాన్ని విడిగా దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకే తోచలేదు.

మధ్యాహ్నం, వేరే పని చేతకాక, కోతను మొదటి నుంచి పెట్టుకుని కూర్చున్నాను. నలభై రెండు నిమిషాలు. గాలి. పారలు. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. చెవికి ఆనించుకుని విన్నాను. పంతొమ్మిదో నిమిషంలో మైకుకు బాగా దగ్గరగా, కాస్త బొంగురుగా, ఒక ఆడగొంతు:

“ఏయ్ పాపాయీ. ఆ పార నీ మొగుడనుకున్నావేంటే, అలా వాటేసుకు నించున్నావు? లాగు.”

పెట్టె బల్ల మీద పెట్టేశాను. మళ్ళీ తీసి వెనక్కి తిప్పి విన్నాను.

ఆ తర్వాత ఆమె పాడలేదు. పాట ఇంకా కట్టుకోలేదో, ఆ రోజు పాడే ఓపిక లేదో. లెక్క చెప్పింది. ఒక్కో లాగుకూ ఒక్కో అంకె. “లాభం… రెండు… మూడు…” మొదటిదాన్ని ఒకటి అనరు ఇక్కడ, లాభం అంటారు. “అయిదు… ఆరు… ఆరున్నొక్కటి…” ఏడు అనే మాట కూడా ఆ నోట రాదు, ఏడుపు మాట అని. ప్రతి అంకె వెనకా ఎనిమిది పారలు ఒకే చప్పుడు. ఆరున్నొక్కటి మిగతావాటికన్నా పొడుగు మాట కదా, అక్కడ లాగు కూడా పొడుగ్గా సాగింది. ఇరవై దాకా పోయి మళ్ళీ లాభం. అలా ఆఖరి దాకా. మధ్యలో ఇంకో నాలుగు తిట్లు.

రెండేళ్ళ కిందటి వరకు ఆమె నాతో కూడా మాట్లాడే ఉంటుంది. ఎలా మాట్లాడేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. నేనూ గూట్లో కూర్చున్నదాన్నే.

ఇది ఆమెకు వినిపించడం న్యాయమేనా? పాట పోగొట్టి, లెక్క చేతిలో పెట్టడం. ఈసారి మాత్రం అడిగే నిర్ణయించాలి.

సీజను 16వ రోజు

పొద్దున్నే మడికి వెళ్ళాను. జట్టు ఎనిమిది మందీ గట్టు మీద ఉన్నారు. రత్నం నన్ను చూసి మొహం తిప్పుకుంది.

“పంతొమ్మిదో నిమిషం నుంచి వినండి. వద్దంటే పట్టుకెళ్ళిపోతాను,” అన్నాను. చెయ్యి చాపింది. మీట ఆమే నొక్కింది.

మొదటి తిట్టుకు అందరూ పాపాయమ్మను చూశారు. పాపాయమ్మ పార వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. “పదకొండేళ్ళయ్యింది వదినా. మొగుడూ పోయాడు, ఆ పారా పోయింది. నువ్వింకా ఆ మాట మీదే ఉన్నావు.” ఎవరో ఫక్కుమన్నారు. రత్నం రెండు చేతులతో పెట్టెను పట్టుకుని తల వంచుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు రాని మనిషి నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియదు.

తర్వాత పలక తీసి నా కోసం రాసింది: “ఇది పాట కాదు.”

“కాదు,” అన్నాను.

ఆ పలకను అలాగే కాసేపు పట్టుకుంది, నేను బాగా చదవాలన్నట్టు. అప్పుడు వదిలేసి, పార తీసుకుని మడిలోకి దిగింది. మిగతావాళ్ళు దిగారు. లాభం, అంది పెట్టె. పారలు కదిలాయి. పెట్టెలోని పారలూ మడిలోని పారలూ మొదట ఒకదానికొకటి అందలేదు. నాలుగు దగ్గర అందుకున్నాయి. ఆరున్నొక్కటి దగ్గర పొర అంతా ఒక్కసారిగా జరిగి, తెల్లగా, ఎక్కడా విరగకుండా గట్టుకు వచ్చి ఆనింది.

కమిటీ కార్యదర్శి భీమశంకరం గారు గొడుగు కింద నిలబడి అంతా చూశారు. మంచి మనిషే, రూలు తప్పడు.

“పాట లేదు కదమ్మా ఇందులో.”

“మీ రూల్లో పాట అని లేదండి. పిలుపు అని ఉంది.”

“తిట్లు కూడా ఉన్నాయే.”

“అవి తియ్యకూడదండి,” అంది పాపాయమ్మ మడిలోంచి. “తీస్తే బిళ్ళ పాడైపోద్దంట. మేడమ్ గారు చెప్పారు.”

నేను చెప్పలేదు. కాదని కూడా అనలేదు. ఆయన ఒక తట్టలోంచి గుప్పెడు ఉప్పు తీసి చూసి, పోసేసి, వెళ్ళిపోయారు. ఇరవయ్యో రోజు ప్రస్తావన తేలేదు.

సీజను 118వ రోజు, ఆఖరి రోజు

మబ్బు పట్టింది. పెట్టెలు లోపలికి తీసుకుని తాళం వేయవలసిన రోజు. కమిటీ రూలు అదే, ఆ రూలూ నేను రాసిందే.

ఈసారి పెట్టెలు లోపలికి తీసుకోలేదు. జట్టుకొకటి చొప్పున వాళ్ళ ఇళ్ళకే పంపేశాను. వానల్లో ఎండ కనిపించిన పూటల్లా కరెంటు ఎక్కించాలి, రోజుకు ఒక్కసారైనా వినాలి అని చెప్పాను. పిల్లలు పడేస్తారు, పప్పులో పడతాయి, కొన్ని తిరిగి రావు. గూట్లో కూర్చున్నవాటి కన్నా నయం అనుకుంటున్నాను. ఇదీ తప్పేనేమో, నాలుగు నెలలాగితే గాని తెలియదు. నివేదికలో ‘మన్నిక’ అనే మాట వాడలేదు.

ప్రతి పెట్టె వెనకా కాగితం అంటించి తెలుగులో పేరు రాశాను. రత్నం పెట్టె మీద ఏం రాయాలో తెలియక ఆగాను. ఆమే కలం తీసుకుని ‘కోత’ అని రాసింది. వెళ్ళేముందు నాకేసి చూసి పలక మీద ఒక్క అక్షరం పెద్దగా రాసి చూపించింది. ‘ట’. నేర్చుకోమన్నట్టు. ఎగతాళో, ఇంకా మిగిలిన కోపమో. రెండూ అయి ఉంటాయి. పాపాయమ్మ అడిగినా చెప్పలేదట.

ఆమె గుమ్మానికి ఆ పళ్లెం వేలాడుతోంది. కాకులు ఎలాగూ రావు అక్కడికి.

పని చేస్తున్నవి: 27. మాట పోయినవి: ఆరున్నొక్కటి.